'కాక్‌టెయిల్ కిట్' పేరుతో రంగునీళ్లు అంటగడుతున్నారు, అనంతపురం వైపు వాళ్లు చూసుకోండి

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు ఒక ప్రకటన వస్తోంది. "ఇంట్లోనే బెల్లినీ, బార్‌కు వెళ్లే పని లేదు" అని (బెల్లినీ అంటే పీచ్ పండు గుజ్జులో బుడగల వైన్ పోసి చేసే కాక్‌టెయిల్), పొడుగాటి గ్లాసులో లేత గులాబీ రంగు, పైకి లేస్తున్న బుడగలు. అనంతపురం, కడప, కర్నూలు పిన్‌కోడ్‌లన్నిటికీ డెలివరీ ఉందట. డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. పేజీ పేరు రాయడం లేదు, అదే పెట్టె వేరే వేరే పేర్లతో తిరుగుతోంది కాబట్టి పేరు కన్నా సరుకు గుర్తుపట్టడం ముఖ్యం.

పెళ్లిరోజుకని తెప్పించాం. 2,350 రూపాయలు, ముందే కట్టాలి, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. పెట్టెలో 750 ఎం.ఎల్. సీసా ఒకటి, 'పీచ్ ప్యూరీ' (పీచ్ గుజ్జు) అని చిన్న సీసా, రెండు ప్లాస్టిక్ గ్లాసులు. పెద్ద సీసా మెడకు బంగారు రంగు రేకు చుట్టి, ముందు లేబుల్ మీద వంకర అక్షరాల్లో 'స్పార్క్లింగ్' (బుడగలొచ్చేది) అని, కింద ద్రాక్ష గుత్తి బొమ్మ వేశారు. వైన్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు, తెలివంతా అక్కడే ఉంది. వెనక్కి తిప్పి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, కళ్లజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో 'కార్బొనేటెడ్ ఫ్రూట్ బెవరేజ్'. అంటే గ్యాస్ ఎక్కించిన ద్రాక్షరసం. రేకు విప్పితే కార్క్ కూడా లేదు, మామూలు సోడా మూత. అలాంటి రసమే మా ఊరి సూపర్ మార్కెట్‌లో 350కి ఉంది.

ప్యూరీ సంగతి ఇంకా ఘోరం. చక్కెర, నీళ్లు, సిట్రిక్ యాసిడ్, రంగు, ఫ్లేవర్, ఇంతే. పక్కనే 'ఇందులో పండు లేదు' అని వాళ్లే ఇంగ్లీషులో ముద్రించారు. చెంచాడు నోట్లో వేసుకుంటే నాలుకకు పట్టిన రంగు రాత్రి దాకా వదల్లేదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "వైన్ అని మేమెక్కడ చెప్పాం సార్?" అన్నాడు. మరి కాక్‌టెయిల్ అని రాశారు కదయ్యా అంటే, "ఒరిజినల్ కావాలంటే ఇంకో 1,800 వేయండి, బెంగళూరు నుంచి బస్సు పార్శిల్‌లో పంపిస్తాం" అన్నాడు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మన రాష్ట్రంలో మద్యం ఆన్‌లైన్‌లో అమ్మి ఇంటికి పంపడానికి అనుమతి లేదు. కర్ణాటక సీసా ఇలా వస్తే అది ఇక్కడ పన్ను కట్టని మద్యం కింద లెక్క. పార్శిల్ మీద మీ పేరు, మీ నంబర్ ఉంటాయి, అమ్మినవాడివి ఉండవు. చెక్‌పోస్టులో పట్టుకుంటే ఎవరికి ఫోన్ వస్తుందో మీరే ఆలోచించుకోండి.

నిజమైన సీసాను గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు. లేబుల్ మీద ఆల్కహాల్ శాతం ఉండి తీరాలి, స్పార్క్లింగ్ వైన్లలో సాధారణంగా 11, 12 ఉంటుంది. మద్యం ఆరోగ్యానికి హానికరం అన్న హెచ్చరిక కూడా ఉండాలి. షాంపేన్ లాంటి వాటిలో గ్యాస్ ఒత్తిడి కారు టైరులో కన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది, అందుకే గాజు మందంగా, అడుగున లోపలికి గుంటగా ఉండి కార్క్ మీద ఇనుప తీగ బిగించి ఉంటుంది. అలాగని తీగ చూసి మోసపోకండి, ఉత్త రసానికి కూడా తీగ బిగించి అమ్మేవాళ్లున్నారు.

లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి, బిల్లు అడగండి. నాసిక్ వైపు తయారయ్యే స్పార్క్లింగ్ వైన్ ఈ పనికి బాగా సరిపోతుంది, ఫారిన్ సరుకే కావాలని లేదు. 'బ్రూట్' అని ఉన్నది తీసుకోండి, లీటరుకు 12 గ్రాముల లోపే చక్కెర ఉంటుంది, తీపి ఎలాగూ పండు నుంచి వస్తుంది. 'ఎక్స్‌ట్రా డ్రై' అంటే ఇంకా తీపి తక్కువ అనుకుంటారు చాలామంది, కాదు, అది బ్రూట్ కన్నా తియ్యగా ఉంటుంది.

కిట్ అసలు ఎందుకండీ? బెల్లినీ వెనిస్‌లో హ్యారీస్ బార్‌లో పుట్టింది, తెల్ల పీచ్ గుజ్జు ఒక వంతు, ప్రొసెక్కో (ఇటలీ స్పార్క్లింగ్ వైన్) రెండు వంతులు, అంతే. మనకు తెల్ల పీచ్ ఎక్కడ దొరుకుతుంది గానీ, సీజన్‌లో బంగినపల్లి గుజ్జు వడగట్టి వేసుకుంటే దానికేం తీసిపోదు (నన్నడిగితే ఇదే మేలు). మిగతా రోజుల్లో దానిమ్మ రసం. చీనీకాయలు మన దగ్గర దండిగా దొరుకుతాయి, కానీ ఆ రసం నిలవ ఉంటే చేదెక్కుతుంది, అప్పటికప్పుడు పిండుకోవాలి. గుజ్జు, సీసా రెండూ మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఎండలకు వేడెక్కిన సీసా తెరిస్తే సగం నేలపాలు. కార్క్ గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి, మొహం దూరంగా పెట్టండి. గ్లాసులో ముందు గుజ్జు వేసి, వైన్ అంచు మీదుగా కొంచెం కొంచెం పోయాలి, గుజ్జు ఉంటే నురగ తెగ పొంగుతుంది. వైన్ కలిపాక మిక్సీలో మాత్రం తిప్పొద్దు తల్లీ.

ఇప్పటికే ఆ కిట్ కొన్నవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, కట్టిన రసీదు, వెనక లేబుల్ ఫోటో దాచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మాకు ఫిర్యాదు నంబర్ వచ్చింది, డబ్బులు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తా.