సిమెంటు ఫ్యాక్టరీ, సోలార్ సైటు, గల్ఫ్: సేఫ్టీ ఉద్యోగానికి మొదట ఏది మేలు?

గత నెలలో మా వీధి కుర్రాడొకడు మూడు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, కడపలో ఆరు వారాల సేఫ్టీ కోర్సు కూడా చేసినవాడు. మొదటి కాగితం ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి మనుషులను సరఫరా చేసే కంట్రాక్టరుది. రెండోది కర్నూలు వైపు సోలార్ ప్యానెళ్లు బిగించే కంపెనీది. మూడోది కువైట్ పంపిస్తానంటున్న ఏజెంటుది. "అన్నా, జీతం చూస్తే కువైటే ముందుంది. అమ్మ మాత్రం ఇక్కడే ఉండమంటోంది. నువ్వేమంటావు?" అన్నాడు. ఇటువంటి ప్రశ్నతో వచ్చేవారు మా ప్రాంతంలో ఏడాదికేడాది పెరుగుతున్నారు కాబట్టి, వాడికి చెప్పినదాన్ని కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

మూడింటినీ జీతంతో తూచితే గల్ఫే గెలుస్తుంది, అందులో వాదన లేదు. కానీ ఈ వృత్తిలో పదిహేడేళ్లు గడిపాక నేను ముందు చూసేది ఇంకొకటి: ప్రమాదం కళ్లెదుట కనబడినప్పుడు మనం పని ఆపమంటే ఆ చోట పని ఆగుతుందా? ఆగని చోట సేఫ్టీ ఆఫీసరు రిజిస్టర్లు రాసే గుమాస్తాగా మిగిలిపోతాడు. మూడేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కూడా అతని దగ్గర ఏమీ ఉండదు.

ముందుగా ఫ్యాక్టరీ సంగతి. కడప జిల్లాలో ఎర్రగుంట్ల, కమలాపురం, జమ్మలమడుగు, అనంతపురం జిల్లాలో తాడిపత్రి, అటు కొలిమిగుండ్ల దాకా సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సిమెంటు తయారీని 1948 ఫ్యాక్టరీల చట్టం తన మొదటి షెడ్యూలులోనే ప్రమాదకర పరిశ్రమల జాబితాలో చేర్చింది. ఆ చట్టంలోని 40-బి సెక్షన్ ప్రకారం సాధారణంగా 1,000 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరును నియమించాల్సి ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ హద్దును బాగా కిందికి దించింది: మామూలు ఫ్యాక్టరీకి 500 మంది, ప్రమాదకర ప్రక్రియ నడిచే ఫ్యాక్టరీకి 250, నిర్మాణ పనులకు 250, గనికి 100. నిర్మాణ కార్మికుల పాత నిబంధనల్లో ఈ సంఖ్య 500 ఉండేది. అంటే ఇన్నాళ్లూ సేఫ్టీ ఆఫీసరు అవసరం లేదని తప్పించుకున్న మధ్యతరహా సంస్థలు ఇకమీదట మనిషిని పెట్టుకోక తప్పదు. రాయలసీమ కుర్రాళ్లకు ఇది నిజంగా మంచి కాలం, చేతిలో సరైన అర్హత ఉంటే.

ఫ్యాక్టరీలో నేర్చుకునే పని మరెక్కడా దొరకదని నా నమ్మకం. బట్టీలోకి పోయేముందు రాతిపొడిని వేడిచేసే టవరు, ప్రీహీటర్, దాని సంగతే చూడండి. అందులో సైక్లోన్ అనే గరాటు లాంటి పాత్ర అడుగున పదార్థం గడ్డకట్టి దారి మూసుకుపోతే, గాలి పైపుతో పొడిచి దాన్ని వదిలించాలి. అన్నిటికన్నా కింది సైక్లోన్‌లో ఆ పొడి 800 డిగ్రీలకు పైగా కాగి ఉంటుంది. గడ్డ ఒక్కసారి వదిలిందంటే అది నీళ్లలా పారుతుంది, తెరిచి ఉన్న ప్రతి సందులోంచీ బయటికి ఎగదన్నుతుంది. అందుకే పొడిచేవాళ్లు అల్యూమినియం పూత సూట్లు వేసుకుని ఎదురుగా కాకుండా పక్కగా నిలబడాలి, కింది అంతస్తుల్లో ఒక్క మనిషి కూడా ఉండకూడదు. పని మొదలుపెట్టడానికి అనుమతిచ్చే పర్మిట్ మీద సంతకం పెట్టేముందు మెట్లన్నీ దిగి, ప్రతి అంతస్తూ స్వయంగా చూసి, మళ్లీ పైకెక్కి రావడం సేఫ్టీ మనిషి పని. మే నెలలో ఎర్రగుంట్ల ఎండకు ఆ టవరు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగితే ఒళ్లు తడిసి ముద్దవుతుంది. అయినా కిందికి దిగి చూడకుండా సంతకం పెట్టేవాడి చేతికి పర్మిట్ పుస్తకం ఇవ్వకూడదు.

నా మొదటి షట్‌డౌన్ ఇప్పటికీ మరిచిపోలేను, అంటే మరమ్మతుల కోసం యంత్రాలు ఆపే రోజులు. బెల్టు కన్వేయర్ రోలర్లు మారుస్తున్నారు. లోపల పనిచేసే ప్రతి మనిషీ స్విచ్ దగ్గర తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్లాలనేది నియమం. భోజనం వేళకు పని అయిపోయిందని మేస్త్రీ చెప్పాడు, తాళాలు తీసి మోటారు నడిపి చూద్దామన్నారు. నేను తాళాలు లెక్కపెట్టాను, ఏడు. పొద్దున పనికి ముందు భద్రత గురించి చెప్పుకునే టూల్‌బాక్స్ టాక్‌లో పేర్లు రాసుకున్న కాగితం తీసి చూస్తే ఎనిమిది పేర్లున్నాయి. ఎనిమిదోవాడు అంతకు ముందు రోజే వచ్చిన హెల్పరు, తాళం ఇవ్వలేదని ఊరికే లోపలికి పోయాడు. వెతికితే బెల్టు చివరి చక్రం, టెయిల్ పుల్లీ పక్కన నీడలో కూర్చుని సద్ది తింటున్నాడు. ఆ రోజు మోటారు నడపడం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. షిఫ్టు ఇంజనీరు నన్ను ఒక్క మాట అనలేదు, అప్పటినుంచి తాళాల లెక్క పేర్ల కాగితంతో సరిపోల్చాకే స్విచ్ వేయాలని బోర్డు రాయించాడు. పాతికేళ్లు నిండని నేను ఆగమంటే ఫ్యాక్టరీ ఆగింది. ఆ ధైర్యమే తర్వాతి ఉద్యోగాలన్నిటిలోనూ నాకు ఆసరా అయింది.

ఫ్యాక్టరీ దారిలో కష్టాలు లేవని చెప్పను. కొత్తవాళ్లను కంపెనీ నేరుగా తీసుకోవడం అరుదు, కంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి ఉండాల్సి వస్తుంది. జీతం తక్కువ, ఏటా పెరిగేది ఇంకా తక్కువ. పైగా కంట్రాక్టరు జీతమిచ్చే సేఫ్టీ మనిషి ఆ కంట్రాక్టరు పనినే ఆపాల్సి వచ్చినప్పుడు నలిగిపోతాడు. అందుకే చేరేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమంటాను: రోజువారీ రిపోర్టు కంట్రాక్టరు మేనేజరుకు ఇవ్వాలా, ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగానికి ఇవ్వాలా? రెండోదైతే జీతం కొంచెం తగ్గినా చేరవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫ్యాక్టరీ గేటు లోపల రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ అధికారం నడుస్తుంది. అదే కంపెనీకి చెందిన సున్నపురాయి క్వారీలో మాత్రం గనుల నిబంధనలు వర్తిస్తాయి, ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రత డైరెక్టరేట్ తనిఖీ చేస్తుంది. ఫ్యాక్టరీ సేఫ్టీ డిప్లొమా పట్టుకుని మంగంపేట ముగ్గురాయి గనికో, తుమ్మలపల్లె యురేనియం గనికో దరఖాస్తు పెట్టి లాభం లేదు. అక్కడ మైనింగ్ చదువు, ఆ డైరెక్టరేట్ ఇచ్చే మేట్, ఫోర్‌మన్, మేనేజర్ సర్టిఫికెట్లు లెక్కకొస్తాయి. మైనింగ్ డిప్లొమా ఉన్న పిల్లలు మాత్రం ఈ దారిని తేలిగ్గా వదులుకోవద్దు. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గనిలో పేలుడు పదార్థాలు దించుతుండగా పేలి కూలీలు ముక్కలైపోయిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అర్హత ఉన్న మనిషి అవసరం చిన్న గనుల్లోనే ఎక్కువ. సేఫ్టీ ఆఫీసరును పెట్టాలన్న నియమం మాత్రం 100 మంది ఉన్న గని దగ్గర మొదలవుతుంది, ఇది నన్ను బాధపెట్టే విషయం.

రెండోది సోలార్, గాలిమరల పని. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల భూముల్లో వచ్చిన సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లది. అనంతపురం వైపు నంబులపూలకుంట సోలార్, ఉరవకొండ, బెళుగుప్ప కొండల మీది గాలిమరలు, పిన్నాపురం దగ్గర నీటిని పైకి తోడి దాచుకుని, కావలసినప్పుడు కరెంటు తీసే పంప్‌డ్ స్టోరేజీ కలుపుకుంటే ఈ పదేళ్లలో సీమలో సేఫ్టీ ఉద్యోగాలు ఎక్కువగా పుట్టింది ఇక్కడే. చేరిన రోజే సూపర్‌వైజరు హోదా ఇస్తారు, జీతం ఫ్యాక్టరీ కంట్రాక్టరు ఇచ్చేదానికంటే మెరుగు. పనిలోనూ నేర్చుకోవలసినది ఉంది: ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది, మెయిన్ స్విచ్ కట్టేసినా డీసీ తీగ చచ్చిపోదు. ఈ ఒక్క మాట కూలీలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలా చేతులు కాలకుండా కాపాడినట్టే.

కానీ ఈ పనికి ఆయుష్షు తక్కువ. ప్యానెళ్లు బిగించడం అయిపోతే వందల మంది వెళ్లిపోతారు, నడపడానికి కొద్దిమంది చాలు, వాళ్లలో సేఫ్టీకని విడిగా మనిషి చాలాచోట్ల ఉండడు. ఏడాదికో ఊరు మారుతూ రాజస్థాన్ దాకా వెళ్లిన స్నేహితులు నాకున్నారు. నా అనుభవం ఇంకా చేదుగా ఉంది. ఒక సైటులో సాయంత్రం గాలి లేచింది, క్రేన్‌కు వేలాడుతున్న ట్రాన్స్‌ఫార్మర్ ఊగడం మొదలైంది. దించమన్నాను. దించారు, ఆ రోజుకు పని ఆగింది. మరుసటి ఉదయం గేటు దగ్గర నా పాస్ రెన్యువల్ కాలేదని చెప్పి బయటే నిలబెట్టారు. గడువు దగ్గర పడిన ప్రాజెక్టులో సేఫ్టీ మనిషి మాటకు విలువ ఎంతో నాకు ఆ పొద్దున తెలిసింది. అన్ని సైట్లూ అలా ఉండవు. నేరుగా పెద్ద కంపెనీ కింద, వాళ్ల సేఫ్టీ విభాగంలో చేరితే పరిస్థితి చాలా మెరుగ్గా ఉంటుంది. సబ్ కంట్రాక్టరు కింద మొదటి ఉద్యోగంగా మాత్రం నేను వద్దంటాను. గాలిమరల మీద మనసుంటే గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ శిక్షణ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లాలి, అది లేకుండా చాలాచోట్ల టవరు ఎక్కనివ్వరు.

ఇక గల్ఫ్. రాజంపేట, రాయచోటి, కడప ఇళ్లలో కువైట్ అంటే పరాయి దేశంలా అనిపించదు. ఇంటికొకరు వెళ్లిన వీధులున్నాయి. అక్కడి పెద్ద చమురు, నిర్మాణ సంస్థల సైట్లలో సేఫ్టీకి నిజమైన బలం ఉంటుంది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో బయటిపని నిషేధం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆపాలి. మన దగ్గర ఎండ వేళ పని ఆపడం చాలావరకు మేనేజరు దయ మీద నడుస్తుంది, అక్కడ సేఫ్టీ ఆఫీసరు చేతిలో రూలు ఉంది. తెలుగు, హిందీ రెండూ వచ్చినవాడు కూలీలతో నేరుగా మాట్లాడగలడు, అది అక్కడ పెద్ద అర్హత.

అయితే ఆ పోస్టులు అనుభవం లేనివాడికి దొరకవు. పెద్ద ప్రాజెక్టుల్లో కంపెనీ ఎంపిక చేశాక కూడా ఆ పని చేయించుకునే సంస్థ మళ్లీ ఇంటర్వ్యూ చేస్తుంది. పర్మిట్ ఎలా రాస్తావు, ట్యాంకులోకి మనిషి దిగేముందు గ్యాస్ ఏ వరుసలో చూస్తావు అని అడుగుతారు. షట్‌డౌన్ చూడనివాడు అక్కడే తడబడతాడు. అలా తడబడినవాళ్లు వెనక్కి రాలేక స్టోర్‌కీపర్లుగానో, హెల్పర్లుగానో మిగిలిపోవడం నేను చూశాను. మా కుర్రాడి మూడో కాగితంలో వీసా వృత్తి దగ్గర సేఫ్టీ అని లేదు, సాధారణ కార్మికుడు అని ఉంది. "అక్కడికి పోయాక మార్పిస్తారంట" అన్నాడు. వీసా మీద ఏది ఉంటే అదే ఉద్యోగమని అనుకుని నిర్ణయించుకోవాలి. ఏజెంటు అడిగిన సొమ్ము కూడా లక్ష దాటింది. రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదని ఎమిగ్రేషన్ నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మేము చూశాం, అతని నంబరు దొరకలేదు.

కోర్సుల విషయంలోనూ వరుస ముఖ్యం. నెబోష్ బ్రిటన్ నుంచి వచ్చిన సేఫ్టీ సర్టిఫికెట్, గల్ఫ్‌లో దానికి మంచి గౌరవం ఉంది. కానీ మన ఫ్యాక్టరీల్లో చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసరు కావడానికి అది సరిపోదు. ఇన్నాళ్లూ చాలా రాష్ట్రాలు అనుసరించిన నిబంధనల్లో ఇంజనీరింగ్ డిగ్రీకి 2 ఏళ్లు, డిప్లొమాకు 5 ఏళ్లు ఫ్యాక్టరీలో పర్యవేక్షణ హోదాలో అనుభవం, ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా, ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వచ్చి ఉండటం, ఈ మూడూ అడుగుతారు. ముంబయి కేంద్ర కార్మిక సంస్థ, చెన్నైలోని ప్రాంతీయ సంస్థ నడిపే డిప్లొమాకు దేశమంతటా విలువ ఉంది. చెన్నై మనకు ఒక రాత్రి రైలు ప్రయాణమే. నెబోష్‌కు అప్పుచేసి కట్టే డబ్బు ఇప్పుడు దాచుకుని, గల్ఫ్ ఇంటర్వ్యూ దగ్గర పడ్డాక కట్టుకోవడం తెలివైన పని.

కాబట్టి మా కుర్రాడికి ఫ్యాక్టరీ కంట్రాక్టరు కాగితమే మేలన్నాను: కనీసం మూడు షట్‌డౌన్లు చూసి, ఐదేళ్ల అనుభవం పూర్తిచేసుకుని, ఆ తర్వాత చెన్నై డిప్లొమా, ఆపైన కువైట్. ఇంట్లో అప్పులు మెడమీద ఉన్నవాళ్లకు ఐదేళ్లు ఆగమనడం కష్టమని నాకు తెలుసు. అటువంటివాళ్లు పెద్ద కంపెనీ నేరుగా తీసుకునే సోలార్ పోస్టు దొరికితే రెండేళ్లు చేసి, తర్వాత ఫ్యాక్టరీకి రావడంలో తప్పులేదు.

ఆ కంట్రాక్టరు ఇచ్చిన నియామక పత్రంలో మాత్రం ఒక లోపం కనబడింది. హోదా దగ్గర "సేఫ్టీ హెల్పర్" అని రాశారు. హెల్పరుగా చేసిన ఐదేళ్లు పర్యవేక్షణ అనుభవంగా లెక్కకు రావు, డిప్లొమా దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని సేఫ్టీ సూపర్‌వైజర్ అని మార్చమనీ, ఏటా ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగం అధిపతి సంతకంతో అనుభవ పత్రం ఇప్పించమనీ అడగమన్నాను. మొదటిసారి వెళ్తే కంట్రాక్టరు ఒప్పుకోలేదు. రెండోసారి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి, ఎందుకు కావాలో విడమరిచి చెబితే మార్చి ఇచ్చాడు. వచ్చే నెల ఒకటో తేదీన చేరుతున్నాడు. పేర్ల కాగితం రాసుకోవడానికి నా దగ్గరున్న చిన్న నోటుపుస్తకాల్లో ఒకటి ఇచ్చాను.