వాచీ మింగేసిన పదమూడు గజాలు

అంకె పక్కన కొలత పేరు లేని లెవెల్ పుస్తకాన్ని, అంటే నేల ఎత్తుపల్లాలు రాసే పుస్తకాన్ని, మా శాఖలో ఎవరూ ముట్టుకునేవారు కాదు. నేను నీటిపారుదల శాఖలో చేరిన కొత్తలో పాత డ్రాయింగులు అడుగుల్లో, కొత్తవి మీటర్లలో ఉండేవి. ఒకరోజు అంకెలు మాత్రం ముత్యాల్లా వరుసగా రాసుకుని పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక పేజీ చూసి, పుస్తకం మూసి నా చేతికే ఇచ్చేశారు. “ఇవి అడుగులా, మీటర్లా, మామిడికాయలా?” అన్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ తప్పు నేను మళ్ళీ చేయలేదు. నా మణికట్టు మీది వాచీ చేసింది.

గోల్ఫ్ కోసమే కొన్న జీపీఎస్ వాచీ ఇది. మూడేళ్ళు దాటింది. వారానికి రెండు రౌండ్లు, వేసవిలో తెల్లవారుజామున, వానాకాలంలో వాన ఒప్పుకున్నప్పుడు. ఏ కంపెనీదో చెప్పను, చెప్పి ప్రయోజనం కూడా లేదు. తెర ఎంత, అందులో ఎన్ని వేల కోర్సుల పటాలున్నాయి వంటి సంగతులు డబ్బా మీదే ఉంటాయి.

మొదటి ఏడాదిలో దీన్ని చూసి నేను మురిసిపోయిన మాట నిజం. నిలబడిన చోటి నుంచి గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) ముందు అంచుకు, మధ్యకు, వెనక అంచుకు మూడు దూరాలు చూపిస్తుంది. అంతకుముందు క్లబ్బుల సంచి మోసే క్యాడీని “ఎంత?” అని అడిగితే “నూట నలభై సార్” అనేవాడు, కొట్టేవాణ్ణి. గ్రీన్ అంటే ఒక చుక్క అన్నట్టు ఉండేది నా లెక్క. వాచీలో మొదటిసారి 128, 141, 155 అని ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు ఆగిపోయాను. ముందు అంచుకూ వెనక అంచుకూ 27 గజాల తేడా. ఒక్కో క్లబ్బుతో బంతి ఒక్కో దూరం పోతుంది కదా, ఆ లెక్కన నాకు రెండు క్లబ్బుల తేడాకు పైనే. ఇన్నాళ్ళూ నేను చుక్క అనుకున్నది మడిచెక్కంత ఉంది! ముందున్న బంకర్‌ను, అంటే ఇసుక గుంటను, దాటాలంటే ఏ అంకె చూడాలో, వెనక వాలు ఉంటే ఏ అంకెకు భయపడాలో అప్పుడు తెలిసింది.

ఒకసారి గోల్కొండలో నయా ఖిల్లా కోర్సుకు అతిథిగా వెళ్ళాను. ఏనుగు కాళ్ళను కట్టగట్టినట్టుండే పాత బావొబాబ్ చెట్టు, హతియాన్ కా ఝాడ్ అంటారే, అది ఉన్న ఆవరణే. ఒకచోట నా బంతి బండల వెనక ఆగింది, గ్రీన్ కనపడదు. లేజర్ దూరమాపకం తెచ్చుకున్న మిత్రుడు బండను కొలవగలడు తప్ప జెండాను కొలవలేడు. నేను చెయ్యి తిప్పి చూసుకుని నిమ్మళంగా క్లబ్బు తీశాను. బంతి గ్రీన్ ఎక్కింది. ఆ పూట ఈ వాచీ గురించి నలుగురికి చెప్పాను, ఇద్దరి చేత కొనిపించాను. వాళ్ళిద్దరికీ ఇప్పుడు ఈ రెండో భాగం బాకీ ఉన్నాను.

రెండో ఏడాది శ్రావణంలో నా ఫోను పాడైంది. కొత్తది కొంటే మా అల్లుడు కూర్చుని అన్నీ ఎక్కించి పెట్టాడు. వాచీ తాలూకు యాప్ కూడా. దేశం ఏదని అడిగింది, భారతదేశం అని నొక్కాడు. అబ్బాయి తప్పేమీ లేదు.

తర్వాతి రౌండులో మూడో హోల్ దగ్గర వాచీ 140 అంది. 140 అంటే నాకు సెవెన్ ఐరన్ క్లబ్బు (అంకె తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది), అందులో అనుమానం లేదు. బాగానే తగిలింది, చేతికి తెలుస్తుంది కదా. బంతి గ్రీన్‌కు ముందు గడ్డిలో పడి అక్కడే ఉండిపోయింది. వానాకాలం, నేల తడి, దొర్లదు అనుకున్నాను. తర్వాతి హోల్లోనూ అంతే. పదకొండో హోల్లో గ్రీన్ ముందు చిన్న చెరువు ఉంది, దానికి ఒక బంతి ఇచ్చాను. పదిహేనో హోల్ దగ్గరికి వచ్చేసరికి తడి నేల మీద నెట్టడం నాకే సిగ్గనిపించింది. దొర్లకపోతే దొర్లకపోయింది, గాలిలో వెళ్ళాల్సినంతైనా వెళ్ళాలి కదా.

ఇలా ఐదు వారాలు గడిచాయి.

ఈ వాచీలో మరో సదుపాయం ఉంది: కొట్టిన చోటు నుంచి బంతి పడిన చోటికి నడిచి వెళ్తే ఎంత దూరం కొట్టామో చెబుతుంది. అది చూశాను, 128. నా సెవెన్ ఐరన్ 140 పోయేది, ఇప్పుడు 128. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు, డ్రైవర్, 200 పోయేది, ఇప్పుడు 183. ఇక సందేహం ఏముంది? కావలసిన దూరమూ, కొట్టిన దూరమూ కొలిచే పరికరం ఒక్కటే. అది రెండు వైపుల నుంచీ ఒకే మాట చెబుతోంది: నువ్వు ముసలివాడివయ్యావు.

అప్పటికి నాకు 62. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఇంట్లో చెబితే మా ఆవిడ, “మీరు తిండి తగ్గించారు, అందుకే” అంది. ఒక పూట చపాతీ మానేసి అన్నం మొదలుపెట్టాను. డాక్టరు దగ్గరికి వెళ్తే డి విటమిన్, బి12 పరీక్షలు రాశారు. అవి తక్కువగానే ఉన్నాయి, మనలో ఎవరికి తక్కువ లేవు గనుక! మాత్రలు వేసుకున్నాను. ఫిజియోథెరపీ వాళ్ళు భుజానికి రబ్బరు పట్టీ ఇచ్చి రోజూ లాగమన్నారు, లాగాను. చివరికి తేలికైన కాడ ఉన్న హైబ్రిడ్ క్లబ్బు ఒకటి కొన్నాను, పెద్దవయసు వాళ్ళకని చేసినది. కొట్లో కుర్రాడు దాన్ని నా చేతికిస్తూ “అంకుల్, ఇక మీకు శ్రమ ఉండదు” అన్నాడు. ఆ మాట క్లబ్బు ధర కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకొక పాపం కూడా ఒప్పుకోవాలి. నాతో ఆడే మిత్రుడొకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. వాచీ కొనరు గానీ, నా బంతి పక్కన తన బంతి పడితే “ఎంతండీ?” అని అడుగుతారు. చెప్పేవాణ్ణి. ఆ ఐదు వారాలూ ఆయన బంతులు కూడా గ్రీన్ ముందే పడ్డాయి. ఆయన తన చేతి ఒడుపే చెడిందనుకుని డబ్బు కట్టి నాలుగు రోజులు కోచ్ దగ్గర నేర్చుకున్నారు. అసలు సంగతి ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడే తెలుస్తుంది.

మా కోర్సులో ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పోయే గడ్డి దారి) పక్కన గ్రీన్ మధ్యకు 150 గజాలు ఉన్నచోట సున్నం కొట్టిన రాయి ఒకటి పాతి ఉంటుంది. వాచీ రాకముందు నేను ఆ రాయి నుంచి అడుగులు వేసి లెక్కపెట్టుకునేవాణ్ణి. వచ్చాక దాన్ని చూడటం మానేశాను. చూడాల్సిన అవసరం ఏముంది? ఆరో వారంలో ఒకరోజు బంతి సరిగ్గా ఆ రాయి పక్కనే ఆగింది. నేను చెయ్యెత్తి చూసుకుని, “137. సెవెన్ ఇవ్వు” అన్నాను.

క్యాడీ సంచి మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు. ఈ కోర్సు మీద పదిహేనేళ్ళుగా ఉన్న మనిషి. రాయి వంక చూశాడు, నా చేతి వంక చూశాడు.

“సార్, రాయి 150 అంటోంది.”

“వాచీ 137 అంటోందయ్యా.”

“రాయి కదలదు కదా సార్.”

అప్పుడు వెలిగింది. 150ని 0.9144తో గుణిస్తే 137.16. గజాన్ని మీటరుగా మార్చే ఆ లెక్క నేను నిద్రలో కూడా చేయగలను, ఎన్ని వేలసార్లు చేశానో. వాచీ ఐదు వారాలుగా మీటర్లు చూపిస్తోంది. 140 మీటర్లంటే 153 గజాలు. 140 గజాలు పోయే బంతి పదమూడు గజాల ముందు పడక ఇంకేం చేస్తుంది? నేను కొట్టిన 140 గజాలను 128 మీటర్లని అది సరిగ్గానే చెప్పింది. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

“నీకు ముందే తెలుసా?” అని క్యాడీని అడిగాను. “తక్కువ పడుతున్నాయని తెలుసు సార్. రెండుసార్లు సిక్స్ ఇవ్వబోయాను. వాచీ చెప్పింది కదా, సెవెన్ ఇవ్వు అన్నారు” అన్నాడు. నిజమే, అన్నాను. వాచీ వచ్చిన కొత్తలోనే అతన్ని దూరం అడగడం మానేశాను, అతనూ చెప్పడం మానేశాడు. ఆ రోజు సిక్స్ తీసుకుని కొట్టాను. జెండాకు పది అడుగుల్లో ఆగింది.

ఇంటికొచ్చి అల్లుడికి ఫోను చేస్తే, “మామయ్యగారూ, మనది మెట్రిక్ దేశమే కదా” అన్నాడు. అబ్బాయి మాట కాదనలేను. కానీ భారతదేశంలో గోల్ఫ్ గజాల్లోనే నడుస్తుంది, బ్రిటిష్‌వాళ్ళు వదిలిపోయిన అలవాటు. ఆస్ట్రేలియాలో మీటర్లు, ఐరోపా ఖండంలో మీటర్లు. మనం ఇంటి స్థలం గజాల్లో కొంటాం, బంగారం తులాల్లో అడుగుతాం, పెట్రోలు లీటర్లలో పోయించుకుంటాం. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు అని పత్రికలు ఇప్పటికీ అడుగుల్లోనే రాస్తాయి. ఎక్కడ ఏ కొలతో మన ఒంటికి తెలుసు, యాప్‌కు తెలియదు. దేశం పేరు చూసి మీటర్లు పెట్టేసింది. పెట్టినందుకు కాదు నా కోపం. నా వాచీ గోల్ఫ్ తెర మీద అంకె పక్కన కొలత పేరు ఉండదు. తెర నిండా అంకెలు పెద్దవిగా, అందంగా ఉంటాయి. గజమో మీటరో చెప్పే ఒక్క అక్షరానికి చోటు దొరకలేదు. సెట్టింగుల్లో మూడు మెట్లు దిగితే అక్కడ ఉంది. మా పైఅధికారి అయితే ఆ వాచీని మూసి కంపెనీ చేతికే ఇచ్చేసేవారు.

నా మీద కూడా కోపమే. యాప్‌లో సెవెన్ ఐరన్ సగటు గీత ఒకటి ఉంటుంది, నెలనెలా ఎలా ఉందో చూపిస్తూ. ఆ ఐదు వారాల్లో నేను దాన్ని కనీసం పదిసార్లు చూసి ఉంటాను, 128 అని. గీత మాత్రం ఏడాది పొడవునా చదునుగా ఉంది. పాత అంకెలను కూడా అది మీటర్లలోకి మార్చేసింది మరి. నా బలం నిజంగా పడిపోతే గీత పడిపోవాలి కదా? ముప్పై ఏళ్ళు కాలువల వాలు గీసినవాణ్ణి, చదును గీత కళ్ళెదురుగా ఉంటే కుడివైపు అంకె చూసి మాత్రలు మింగాను.

కొలతను గజాల్లోకి మార్చిన క్షణంలో పన్నెండు గజాల యౌవనం తిరిగొచ్చింది. అంత తేలిగ్గా తిరిగి రావడం కూడా ఎందుకో నచ్చలేదు.

ఆ తర్వాత దీన్ని వాడే తీరు మారింది. రౌండు మొదట్లో 150 రాయి ఎక్కడ కనపడితే అక్కడ నిలబడి ఒకసారి సరిచూసుకుంటాను. రెండు మూడు గజాల తేడా జీపీఎస్‌కు మామూలే, దాన్ని పట్టించుకోను. నేను కొట్టే పది బంతుల్లో దూరాల తేడా పదిహేను గజాలు ఉంటుంది, వాచీ తప్పు అందులో కలిసిపోతుంది. ముందు అంచు అంకెను మెచ్చుకుంటూ పైన రాశాను గానీ, ఇప్పుడు దాన్ని దాదాపు చూడను. దాన్ని చూసి క్లబ్బు తీస్తే బాగా తగలని బంతి బంకర్‌లోకే పోతుంది. మధ్య అంకె చూస్తాను, క్యాడీని అడుగుతాను, రెండూ కలవకపోతే క్యాడీ మాట వింటాను. ఎత్తుపల్లాలను లెక్కలోకి తీసుకునే సదుపాయం ఉంది గానీ పోటీల్లో నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. దూరం చూసుకోవడానికి మాత్రం 2019 నుంచి అభ్యంతరం లేదు, స్థానిక నిబంధన అడ్డుపడితే తప్ప. అందుకే ఆ ఎత్తుపల్లాల సదుపాయాన్ని ఎప్పుడూ ఆపే ఉంచుతాను.

మరో చిన్న బాధ: ఎడమ మణికట్టుకు కట్టుకుంటే దెబ్బ తగిలే సమయంలో చెయ్యి వెనక్కి విరిగి, పక్కనున్న మీట అరచేతి వెనక భాగంలో గుచ్చుకుంటుంది. రౌండు అయ్యేసరికి అక్కడ ఎర్రటి పప్పుగింజంత గుర్తు. ఇప్పుడు సంచి పట్టీకి కట్టి ఉంచుతున్నాను. అంటే ఇది వాచీ అన్న మాట పేరుకే. బ్యాటరీ కొత్తలో రెండు రౌండ్లు వచ్చేది, ఇప్పుడు ఒక రౌండుకు సరిపోతుంది, అంతే.

కొనమంటారా అని అడిగితే, అది మీ సంగతిని బట్టి. మీది ఒకే కోర్సు, మంచి క్యాడీ ఉన్నాడు అంటే ఆ డబ్బులో కొంత అతనికి ఇవ్వండి. ఊరూరా కొత్త కోర్సుల్లో ఆడేవాళ్ళకు, బండల వెనక నుంచి కొట్టాల్సినవాళ్ళకు పనికొస్తుంది. లేజర్ వాడదామంటే నా చేతులు కాస్త వణుకుతాయి, జెండా బదులు వెనకున్న వేపచెట్టు దూరం చెబుతుంది. కంటి ఆపరేషన్ తర్వాత చిన్న కంతలోంచి చూడటం కూడా విసుగు. నాకు మిగిలింది ఇదే. చేతులు నిలకడగా ఉన్నవాళ్ళ లెక్క వేరేగా ఉండవచ్చు.

మొన్న మూడో ఏడాది ముగిసిందని యాప్ తెరిచి సెవెన్ ఐరన్ గీత చూశాను. ఈసారి అంకె కాదు, గీతే చూశాను. కొంచెం కిందికి వాలింది. సగటు 136. సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాను, గజాలే. మూసి మళ్ళీ తెరిచి చూశాను. గజాలే. బీరువా పక్కన మూలకు ఆనించిన ఆ హైబ్రిడ్ క్లబ్బును తీసి, దుమ్ము తుడిచి సంచిలో పెట్టాను.