డెబ్బై ఎనిమిది శాతం, తొడకి పట్టీ

మహిళల టెన్నిస్‌లో ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో శాతాల్లో చెప్పే యాప్‌ని రెండు సీజన్లుగా వాడుతున్నాను, చందా కట్టి మరీ. మొదట్లో ఒక స్నేహితుడి దగ్గర దీన్ని తెగ పొగిడాను. అందులో సగం వెనక్కి తీసుకోవాలి.

నచ్చిందేమిటంటే, ర్యాంకును పట్టుకుని వేలాడదు. మట్టికి, గడ్డికి, హార్డ్ కోర్టుకి వేరువేరు రేటింగులు. 2023లో వొండ్రుషోవా 42వ ర్యాంకుతో, సీడింగ్ (టోర్నీలో మేటివాళ్లకి ముందే ఇచ్చే వరస నంబరు) కూడా లేకుండా వింబుల్డన్ ఎత్తుకుపోయాక ఒట్టి ర్యాంకు చూసి పందెం కాసేవాళ్లంటే నాకు జాలి.

ఇక నా కడుపుమంట. ఆ రోజు యాప్ ఒకామెకి 78 శాతం ఇచ్చింది. బెట్టింగ్ సైట్‌లో ఆడ్స్, అంటే రూపాయి కాసి గెలిస్తే మొత్తం చేతికొచ్చేది, 1.36. అంటే వాళ్ల లెక్కలో 73.5 శాతమే. ఆ తేడా చూసి చెయ్యి ఊరుకోలేదు. ఎప్పుడూ కాసేదానికి మూడింతలు కాశాను. ముందు రోజు ఆమె మూడు సెట్లు ఆడి అర్ధరాత్రి దాటాక బయటపడిందని యాప్‌కి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ కాశాను, అదీ ఏడుపు.

కోర్టులోకి వస్తుంటే ఎడమ తొడకి పట్టీ ఉంది. అయినా మొదటి సెట్ 6-2తో ఆమెదే. రెండో సెట్‌కి వచ్చేసరికి సర్వ్ కొట్టాక ఆ కాలి మీద వాలడానికి జంకుతోంది, పక్కకి వెళ్లే బంతులకి అసలు కదలడం లేదు. యాప్‌లో మాత్రం శాతం దర్జాగా పైనే ఉంది. దానికి కనిపించేది స్కోరు ఒక్కటే కదా. 1-3 దగ్గర ట్రైనర్ వచ్చి పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. ఇంకో రెండు పాయింట్లు ఆడి, నెట్ దగ్గరికి నడిచి షేక్‌హ్యాండ్ ఇచ్చేసింది.

మధ్యలో తప్పుకుంటే పందెం ఏమవుతుందనేది సైట్‌ని బట్టి ఉంటుంది. మ్యాచ్ పూర్తి కాకపోతే డబ్బు వెనక్కిచ్చేవి ఉన్నాయి. నేను కాసిన చోట ఒక్క సెట్ పూర్తయితే చాలు, పందెం నిలుస్తుంది. డబ్బు పోయింది. సరే, అది నా ఖర్మ. కానీ ఆ రాత్రి యాప్‌లో ‘మా కచ్చితత్వం’ పేజీ తెరిస్తే ఆ మ్యాచే లేదు. పూర్తికాని మ్యాచ్‌లు లెక్కలోకి రావట! నా జేబులోంచి పోయింది గానీ వాళ్ల రికార్డుకి గీత కూడా పడలేదు. అడిగితే నిబంధనల పేజీ లింకు పంపారు.

కోర్టుని బట్టి రేటింగ్ అని మురిసిపోయాను గానీ, మట్టి మీద ఆడే ఫ్రెంచ్ ఓపెన్‌కీ గడ్డి మీద ఆడే వింబుల్డన్‌కీ మధ్య ఉండేది మూడు వారాలు. ఆ కాసిని మ్యాచ్‌లతో గడ్డి రేటింగ్ ఏం తేలుతుంది? పెద్ద టోర్నీలు పెద్దగా ఆడనివాళ్ల దగ్గరా ఇదే గోల. 2025 ఫ్రెంచ్ ఓపెన్‌లో 361వ ర్యాంకు బ్వాసోన్ వైల్డ్‌కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులిచ్చే చోటుతో) వచ్చి, టాప్ టెన్‌లో ఉన్న పెగులానీ ఆండ్రేయెవానీ ఓడించి సెమీస్‌కి వెళ్లింది. రెండుసార్లూ ఈ యాప్ ఆమెకి ఆశే లేదంది.

లాభమొచ్చిందా అంటే రాలేదు. ఇద్దరికీ 1.90 ఉన్న మ్యాచ్‌ల్లో నూటికి 53 సార్లు గెలిస్తేగానీ అసలు తిరిగి రాదు, చందా వేరే. నేను కాసేది పోయినా నిద్ర పట్టేంత చిన్న మొత్తం కాబట్టి ఇంకా ఉంచుకున్నాను. అప్పు చేసి కాసేవాళ్లయితే దీని జోలికే పోవద్దు. ఇప్పుడు శాతం చూసినా, వాళ్లు వార్మప్‌కి వచ్చేదాకా ఆగుతున్నాను. ముందు చూసేది కాళ్లే.