గాజులమండ్యంలో మోల్డ్ డిజైన్ సరిచేయించుకున్నా, 5కి 4 మార్కులు

రేణిగుంట పక్కన గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్ దగ్గర ప్లాస్టిక్ వస్తువులకి అచ్చులు (మోల్డులు) చేసే చిన్న షాపు ఇది. ముందు వేరే చోట చేయించిన అచ్చులో గోడలు నిట్టనిలువుగా పెట్టేసినారు, డ్రాఫ్ట్ (పీసు ఊడొచ్చేదానికి గోడకి ఇచ్చే వాలు) సున్నా, నా ప్లాస్టిక్ బాక్స్ బయటికి రానంటాది, పీసుని బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నులు తోస్తే తెల్ల మచ్చలు, పక్కలంతా గీతలు, మండదా మరి. ఈ షాపు అన్న కాగితం మీద గీసి చూపించినాడు, ప్లాస్టిక్ చల్లారితే కుంచించుకుని అచ్చు లోపలి దిమ్మని (కోర్) గట్టిగా పట్టుకుంటాది, ఇడ్లీ ప్లేటు గుంట వాలుగా ఉండబట్టే కదా సామీ ఇడ్లీ ఊడొచ్చేది అని. మామూలు గోడకి 1 నుంచి 2 డిగ్రీలు చాలు, టెక్స్చర్ (పైన గరుకు డిజైన్) కావాలంటే దాని లోతు ప్రతి 0.025 మి.మీ.కి ఇంకో 1 నుంచి 1.5 డిగ్రీ కలపాలంట. నాది 50 మి.మీ. ఎత్తు, 1 డిగ్రీకే ఒక్కో పక్క 0.87 మి.మీ. తేడా వస్తాది, బాక్స్ లోపల పెట్టే బోర్డు పడతాదో లేదో అని నా భయం, అడుగు కొలత అట్లే ఉంచి నోటివైపు వెడల్పు చేసినాడు. పీసులు ఇప్పుడు టకటకా రాలతా ఉండాయి. ఒక మార్కు తీసేసింది ఎందుకంటే వారం లేటు చేసినాడు, ఫోనూ ఎత్తడు, నేరుగా పోవాల్సిందే.