వేళాంగణిలో రూము బాధ, ఇసుక దారిలో మా అత్తగారు

తమిళనాడులో మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణి వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నా. బస్సు దిగగానే "తెలుగా సార్, రూముంది సార్" అంటూ బ్యాగు అందుకునే కుర్రాళ్ళ వెంట వెళ్ళకండి. మాకు 1,400 అని చెప్పి తీసుకెళ్ళారు, కౌంటర్ దగ్గరికి చేరేసరికి అది 2,600 అయింది. ఏసీ వద్దన్నా ఏసీ రేటే. వేడినీళ్ళు బకెట్ 40. మూడో మనిషికి పరుపు 500, అదీ తడి వాసన. కౌంటర్ వెనక గోడ మీద తెలుగులో పెద్ద బోర్డు: "నీ భారము యెహోవామీద మోపుము". సరిగ్గా దాని కింద నిలబడి మేనేజరు మా బ్యాగులు పైకి మోసినందుకు 150 అడిగాడు. మా ఆవిడ ఆ బోర్డు చూపించి నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పొద్దున్నే ఖాళీ చేసి, బాసిలికా (మాత పెద్ద గుడి) వాళ్ళ వసతి గృహంలో 700కి గది తీసుకున్నాం. చిన్న గది, టీవీ లేదు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. ఇంకేం కావాలి? చెన్నై ఎగ్మూరు నుంచి నాగపట్నం రాత్రి రైలు, అక్కణ్ణుంచి బస్సు, అన్నీ సాఫీగానే జరిగాయి.

బాసిలికా నుంచి మాత కొలను దాకా ఇసుక దారి ఉంది. జపమాల పట్టుకుని జనం దాని మీద మోకాళ్ళతో వెళ్తారు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, మా ఆవిడ వాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. దేవుడి కృప ఉచితం, మొక్కులతో కొనేది కాదు అని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి కాబట్టి మొక్కుబడులు నాకు పడవు. మా లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ కూడా రోములో పవిత్ర మెట్లు మోకాళ్ళతో ఎక్కి, పైకెళ్ళాక "ఇది నిజమో కాదో ఎవరికి తెలుసు" అనుకున్నాడట. ఆ దారిలో మోకాళ్ళతో వెళ్తానన్న అత్తగారితో ఆ మాటే అన్నాను. ఆవిడ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. కూతురినైనా మంచినీళ్ళు అడగదు, లేచి తనే తెచ్చుకుంటుంది.

"దేవుడికి ఇది అక్కర్లేదు బాబూ. నాకే, ఎవర్నీ ఏదీ అడగడం చేతకాదు. అందుకని వచ్చాను" అంది.

సగం దారిలో మోకాలు పట్టేసింది. నేను చెయ్యి అందిస్తే వద్దంది. పక్కన వస్తున్న తమిళావిడ ఎవరో తన తువ్వాలు మడిచి ఆవిడ మోకాలికి కట్టింది. భాష రాదు, ముఖ పరిచయం లేదు. అత్తగారు ఆవిడ భుజం పట్టుకుని చివరిదాకా వెళ్ళింది. అల్లుడి చెయ్యి వద్దనడం నాకు కాస్త కష్టంగానే అనిపించింది, ఏం లాభం! 1546లో లూథర్ చనిపోయాక దొరికిన చీటీలో "మనం బిచ్చగాళ్ళం, ఇది నిజం" అని ఉంది. మా గుడిలో దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. మా మతంలో లేని ఈ ఇసుక దారి మీదే ఆ మాట నాకు బోధపడింది. అత్తగారితో అనలేదు, అంటే లూథరన్లను ఒక పట్టు పట్టేది.

ఇసుక తొందరగా కాలుతుంది, పొద్దున ఎనిమిది లోపే దిగండి. మోకాళ్ళకు మందపాటి గుడ్డ మీరే తెచ్చుకోండి. శాకాహార భోజనం 110, సాంబారు బాగుంది, చేపల వేపుడు 180, అంత లేదు. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా పండుగ, అప్పుడు కాలు పెట్టే చోటుండదు. ఆ రోజుల్లోనే వెళ్ళాలనుకుంటే గది ముందే బుక్ చేసుకుని, రసీదు చేతికొచ్చాకే బ్యాగు దించండి.