నర్సరీ కవర్లో ఎర్రమట్టి నింపాలా, కొబ్బరి పొట్టు నింపాలా?

కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కవర్లు నింపడం పాత పద్ధతి. ఎర్రమట్టి బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి మొక్క ఒరగదు, వేసిన ఎరువునూ కొంత పట్టి ఉంచుతుంది. కానీ ఆ మట్టిని ఎక్కడో మెట్టలో తవ్వి తేవాలి. అమ్మిన ప్రతి మొక్కతో అది కూడా లారీ ఎక్కి వెళ్లిపోతుంది. అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుందని తెలిసీ ఇంత తేలిగ్గా వాడేయడం నాకు బాధే.

కొబ్బరి పొట్టు మన కోనసీమ సరుకే. పీచు తీసే చోట గుట్టలుగా ఉండిపోతే, వానకు ఎర్రటి నీళ్లు కారి కాలువల్లో కలుస్తాయి. దాన్ని కవర్లోకి తెస్తే మట్టీ మిగులుతుంది, కాలువా పాడవదు. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది, లోడూ తేలికవుతుంది.

అలాగని పచ్చి పొట్టు నింపకండి. అందులో ఉప్పు ఉంటుంది, ఆకుల అంచులు మాడతాయి. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. పచ్చిది మొక్కకు నత్రజని కూడా అందనివ్వదు. యూరియా, కాయిర్ బోర్డు వారి పిత్‌ప్లస్ (పొట్టును కుళ్లబెట్టే శిలీంధ్రం) కలిపి నెల రోజులు మాగబెడితే నయం. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది, వేలు పెట్టి చూశాకే నీళ్లు పెట్టండి.

క్రోటన్ కొమ్మలకు, ఇండోర్ మొక్కలకు నా ఓటు పొట్టుకే. నల్లరేగడిలో నాటాల్సిన మామిడి అంట్లకు మాత్రం మట్టి కొంత ఉండాలి.