కార్తీక సోమవారం ఒక్కపొద్దు డబ్బా: షుగర్ ఉన్న మా అమ్మకు ఎలా పనికొచ్చిందంటే

హన్మకొండ బాలసముద్రంలో ఒక అక్క ఇంట్లోనే వండి పంపే ఒక్కపొద్దు భోజనం పోయిన కార్తీకంలో నాలుగు సోమవారాలు తెప్పించుకున్నాం. డబ్బా 140 రూపాయలు. పొద్దున పదిలోపు ఫోన్ చేస్తే చుక్క పొడిచే వేళకు ఇంటికి వస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఒక్కపొద్దు ఉంటామని పట్టుబడితే తప్పకుండా తెప్పించుకోండి.

అమ్మ గ్లిమెపిరైడ్ గోలీ వాడుతుంది. అంతకుముందు ఏడాది ఒక సోమవారం ఎప్పటిలాగే పొద్దున గోలీ వేసుకుని, ఏమీ తినకుండా వేయిస్తంభాల గుడికి వెళ్లింది, దీపాలు పెట్టే దగ్గర చేతులు వణికి, చెమటలు పట్టి కూలబడిపోయింది. షుగర్ చూస్తే 58. మనం తిన్నా తినకపోయినా ఆ గోలీ ఒంట్లో ఇన్సులిన్ ఊరేలా చేస్తూనే ఉంటుందని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. 70 కన్నా తగ్గితే ఒక్కపొద్దు అక్కడికక్కడే విడిచి గ్లూకోజ్ నీళ్లు తాగమన్నారు, ఆ రోజుల్లో గోలీ ఎప్పుడు వేసుకోవాలో కూడా ఆయనే మార్చి రాసిచ్చారు.

అందుకే ఈ అక్క మొదటి ఫోన్‌లోనే "అమ్మ ఏం గోలీలు వేసుకుంటారు, డాక్టర్‌ను అడిగారా, పగలు నీళ్లన్నా తాగుతారా?" అని అడిగేసరికి నాకు సగం టెన్షన్ పోయింది.

ఉల్లి, వెల్లుల్లి ఉండవు. సామలు, పెసరపప్పు కలిపి మెత్తగా వండిన కిచిడీ, సోరకాయ కూర, గుప్పెడు ఉడికించిన పల్లీలు, రెండు కందగడ్డ ముక్కలు, పలుచటి మజ్జిగ, ఒక జామకాయ. కిచిడీలో జీలకర్ర, అల్లం వాసన మూత తీయగానే తెలుస్తుంది, కూర మాత్రం ఇంకాస్త కారంగా ఉంటే బాగుండేది. బయట ఒక్కపొద్దు తిండి అంటే సగ్గుబియ్యం, ఆలు చిప్సే కదా. సగ్గుబియ్యమంటే కర్రపెండలం పిండే, ప్రొటీన్ దాదాపు ఉండదు, రోజంతా ఖాళీ కడుపుతో ఉండి అది తింటే అమ్మకు రాత్రి షుగర్ 280 దాటేది. ఈ డబ్బా తిన్నాక రెండు గంటలకు చూస్తే నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా 200 దాటలేదు. ఇది మా అమ్మ ఒక్కదాని లెక్కే, మీ ఇంట్లో మీరూ చూసుకోండి.

నచ్చనివి రెండు. మూడో సోమవారం డబ్బా వచ్చేసరికి ఏడూ నలభై. ఆరున్నరకే చుక్కలు కనబడ్డాయి, అమ్మ అప్పటికే నీరసించి ఉంది, నేను అరటిపండు, పాలు ఇచ్చి కూర్చోబెట్టాను. షుగర్ ఉన్నవాళ్లకు వండేటప్పుడు గంట ఆలస్యం చిన్న విషయం కాదు. రెండోది, డబ్బాతో వచ్చే చీటీలో "సైంధవ లవణం వాడాం, బీపీ ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా తినవచ్చు" అని రాసి ఉంటుంది. అది తప్పు. సైంధవ లవణం కూడా చాలావరకు సోడియం క్లోరైడే, బీపీ ఉన్నవాళ్లు మామూలు ఉప్పులాగే దాన్నీ తగ్గించుకోవాలి.

రెండూ అక్కకు ఫోన్‌లో చెప్పాను. నాలుగో వారం డబ్బా ఆరుంబావుకే వచ్చింది, చీటీలో ఆ వాక్యం పెన్నుతో కొట్టేసి ఉంది. ఈ కార్తీకంలోనూ ఆమెకే చెప్తాను. షుగర్ ఉంటే పాయసం వద్దని ముందే చెప్పండి, పౌర్ణమి వారం అడగకపోయినా అందరికీ వేస్తుంది.